ముప్పావు లీటరు

కట్టుకున్నవాడికి మంచినీళ్ళు కొలిచి పోయాల్సిన రోజు వస్తుందని రేవతి కలలో కూడా అనుకోలేదు. చెరుకు తోటకి మందు కొలిచింది, కేంద్రానికి పోసే పాలు కొలిచింది, వీధిలో పెళ్ళి జరిగితే వంటవాళ్ళకి నూనె కొలిచి ఇచ్చింది. కొలత ఆమెకు కొత్త కాదు. కానీ దాహమన్న మనిషి ఎదురుగా గీతల గ్లాసు పైకెత్తి పట్టుకుని, కన్ను చికిలించి, ఇంకో రెండు గీతలు తగ్గాలి అనుకోవడం వేరు. అలాంటి పని చేసేవాళ్ళకి నరకంలో విడిగా ఒక గది ఉండే ఉంటుంది. పాపం, ఆ గదికి వెళ్ళేవాళ్ళలో సగంమంది ప్రేమ కొద్దీ వెళ్ళినవాళ్ళే అయ్యుంటారు.

చోడవరంలో వాళ్ళిల్లు ఊరి చివర, చెరుకు తోటలు మొదలయ్యే చోట. మొగుడూ పెళ్ళామూ ఇద్దరే, పిల్లలు లేరు. సత్యారావుకి ఎకరన్నర చెరుకు, ఒక పాత ట్రాక్టరు ఉన్నాయి. సీజనులో గోవాడ ఫ్యాక్టరీకి తన చెరుకుతో పాటు నలుగురి చెరుకూ తోలేవాడు. తలనొప్పి వస్తే కిళ్ళీ కొట్లో బిళ్ళ కొని మింగేసి మళ్ళీ స్టీరింగు పట్టుకునే రకం. ఆ తలనొప్పి బీపీ అని, ఆ బీపీ లోలోపల రెండు కిడ్నీలనూ తినేసిందని తెలిసేసరికే చేతులు కాలిపోయాయి. ఇక ఆకులు పట్టుకోవడమే మిగిలింది. ఆ ఆకుల పేరు డయాలసిస్. వారానికి మూడుసార్లు అనకాపల్లి బస్సెక్కి, నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకుని, వడలిన తోటకూర కాడలా ఇంటికి రావడం.

మొదటిరోజే డాక్టరు రేవతిని కూర్చోబెట్టి చెప్పాడు.

"ఒంట్లోకి వెళ్ళిన నీరు బయటికి రాదమ్మా, మిషను తీస్తేనే పోవాలి. అందుకని రోజుకి ఏడువందల యాభై మిల్లీలీటర్లు. టీ, పాలు, మజ్జిగ, మాత్ర మింగే గుక్క, అన్నీ కలిపి అంతే. దాటితే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది."

"అంటే ముప్పావు లీటరు" అంది రేవతి వెంటనే.

డాక్టరు తలెత్తి చూసి మెచ్చుకోలుగా నవ్వాడు. "అంతే. పొద్దున్న ఏం పెడతారు ఈయనకి?"

"ఇడ్లీలండి."

అది అబద్ధం. వాళ్ళింట్లో పొద్దున్న పొయ్యి మీద కాగేది చోడంబలి, అదే రాగి జావ. సత్యారావు తాత అదే తాగి చేనుకి వెళ్ళాడు, తండ్రి అదే తాగి బండి కట్టాడు, సత్యారావూ అదే తాగి ట్రాక్టరెక్కాడు. కానీ ఆ ఏసీ గదిలో, ఇస్త్రీ కోటు వేసుకున్న మనిషి ముందు, పక్కనే ఇంగ్లీషులో మాట్లాడుతున్న నర్సు వింటుండగా, అంబలి అనడానికి రేవతికి చిన్నతనమనిపించింది. ఇడ్లీ అయినా అంబలైనా తిండే కదా, ఎవరికి నష్టం అనుకుంది. చెప్పీ చెప్పగానే మర్చిపోయింది కూడా.

మిల్లీలను లీటర్లు చెయ్యడం, లీటర్లను మిల్లీలు చెయ్యడం ఆమెకు నేర్పింది సత్యారావే. పెళ్ళైన కొత్తలో తోట గట్టు మీద కూర్చోబెట్టి, మందు డబ్బా చేతికిచ్చి పాఠం చెప్పాడు.

"లీటరుకి వెయ్యి మిల్లీలు. సీసీ అని రాసేడనుకో, అదీ మిల్లీయే, గాబరా పడకు. లీటరు నీళ్ళకి రెండున్నర మిల్లీల మందు కలపాల. మన ట్యాంకు పదహారు లీటర్లు. ఎంత పొయ్యాలి, సెప్పు సూద్దాం."

రేవతి వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, "నలభై" అంది.

"ఓసోస్, నా పెళ్ళాం ఇంజినీరు!"

పక్క చేను గణపతిరావు అతనికి స్వయానా బాబాయి. కొలతా గిలతా ఏమిటని ఆయన సీసా మూతతో అందాజాగా మందు పోసి, పచ్చటి తోటని మాడ్చుకున్నాడు. దాన్ని చూపించి సత్యారావు అన్నాడు. "సూసేవా? నా బాబాయి గదా అని మందు ఊరుకుందేటి? కొలతకి బంధుత్వం లేదే." ఆ మాట తర్వాత ఇంట్లో సామెత అయిపోయింది. పాలవాడితో అన్నా, కిరాణా కొట్లో అన్నా రేవతి ఆ మాటే అనేది. అన్నప్పుడల్లా గట్టు మీద కూర్చున్న ఆ పొద్దు గుర్తొచ్చి లోపల ఎక్కడో తియ్యగా ఉండేది.

ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే రేవతి ఖాళీ షర్బత్ సీసా ఒకటి కడిగింది. గీతల గ్లాసుతో కొలిచి నీళ్ళు పోసి, సరిగ్గా ముప్పావు లీటరు దగ్గర గోళ్ళరంగుతో ఎర్ర గీత పెట్టింది. పొద్దున్నే ఆ గీత దాకా నింపేది. రోజంతా కలిపి సత్యారావు వంతు అంతే. అతను నూరు మిల్లీల టీ తాగితే సీసాలోంచి నూరు మిల్లీలు తీసి గుమ్మం పక్క బంతి మొక్కకి పోసేసేది. మజ్జిగ తాగినా అంతే, మాత్ర వేసుకున్నా అంతే. కాగితం మీద రాసుకుంటే తప్పు పోవచ్చు, సీసాలో తప్పు పోదు. సత్యారావు మంచం మీంచి ఇదంతా చూస్తూ ఉండేవాడు.

"బంతి మొక్కదే అదృష్టం. దానికి కిడ్నీలు బావున్నాయి" అన్నాడు ఓరోజు. మొదట్లో ఇంకా హాస్యాలాడే ఓపిక ఉండేది.

నోరు పుక్కిలించడానికి యాభై మిల్లీలు ఇచ్చి, ఊసిన నీళ్ళు మళ్ళీ కొలిచేది. "ఐదు మిల్లీలు తగ్గేయి. మింగేవు" అనేది. ఆ ఐదూ బంతి మొక్కకి పోయేవి. రేవతిని రాక్షసి అనుకునేవాళ్ళు ఇలాంటి మనిషితో ఒక్క వారం కాపురం చేసి చూడాలి. కాలి చీలమండ నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంటే, ఆ గుంట చూసిన పెళ్ళానికి ప్రతి గుక్కా పాములాగే కనిపిస్తుంది.

ఒక్క అంబలి దగ్గర మాత్రం ఆమె చెయ్యి ధారాళంగా ఉండేది. రాత్రి నానేసిన చోడిపిండిని పొద్దున్నే మరిగే ఎసట్లో పోసి, ఉండ కట్టకుండా తిప్పి, చల్లారాక కాస్త మజ్జిగ కలిపి చెంబుతో ఇచ్చేది. డాక్టరు తగ్గించమన్నాడని ఉప్పు వేసేది కాదు. అందులో కలిపిన ముప్పై మిల్లీల మజ్జిగని కూడా మర్చిపోకుండా సీసాలోంచి తీసేసేది. అంబలి మాత్రం తిండి. తిండిని ఎవరైనా కొలుస్తారా? తినే మనిషి చెయ్యి పట్టుకున్న పాపం ఊరికే పోదు. సత్యారావు చెంబెత్తి గటగటా తాగి, అడుగున వేలు పెట్టి నాకి, "ఇంకాస్త పొయ్యి" అనేవాడు. రేవతి పోసేది. రెండు విడతలూ కలిపి చెంబెడు. రోజంతా వద్దు, లేదు, చాలు అంటూ తిరిగే మనిషికి, అడిగింది కాదనకుండా ఇవ్వగలిగింది ఆ ఒక్కటే. ఆ కాసేపూ ఆమెకు ప్రాణం సుఖంగా ఉండేది.

చిక్కు త్రాసు దగ్గర వచ్చింది. డయాలసిస్ సెంటర్లో మిషను చూసే హరిబాబు ప్రతిసారీ ముందు బరువు తూస్తాడు. మాట కరుకు, మనసు మంచిది. ఓరోజు త్రాసు మీద అంకె చూసి రేవతిని పిలిచాడు.

"పోయినసారి ఇక్కణ్ణించి ఎల్లినప్పుడు యాభై రెండు కిలోలు. ఇప్పుడు యాభై ఐదు. రెండు రోజుల్లో మనిషికి మూడు కిలోల కండ పట్టదమ్మా. ఇదంతా నీళ్ళు. లీటరు నీళ్ళు కిలో బరువు. మూడు లీటర్లు పట్టించేరు."

"లేదు బాబూ. రోజుకి ముప్పావు. రెండు రోజులకి లీటరున్నర. మిల్లీ కూడా ఎక్కువ పొయ్యలేదు."

"అన్నంలో, కూరలో కొంత ఉంటాది. పోనీ అరకిలో ఏసుకోండి. రెండయింది. మరి మిగతా లీటరు ఎక్కడిది?"

రేవతి మనసులో మళ్ళీ కూడింది. వెయ్యి మిల్లీలు. బంతి మొక్కకి ఐదేసి మిల్లీలు పోసుకొచ్చిన తనకి, కళ్ళ ముందునుంచి వెయ్యి మిల్లీలు మాయమై వెళ్ళి మొగుడి ఒంట్లో చేరాయి.

"మీకు తెలీకుండా తాగతన్నాడమ్మా" అన్నాడు హరిబాబు గొంతు తగ్గించి. "దాహం అలాంటిది. సానామంది అంతే."

ఆ రోజు ఇంటికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, రేవతి అడిగింది. "మావా, నిజం సెప్పు. ఎక్కడ తాగతన్నావు?"

"ఏటి తాగతన్నాను?"

"లీటరు తేడా వచ్చింది. కుళాయి దగ్గరా? పక్కింట్లో అడుగుతన్నావా?"

"నీ మీద ఒట్టే రేవతీ. నువ్విచ్చింది తప్ప గుక్కెడు తాగలేదు. తాగాలని లేక కాదు. నువ్వింత కష్టపడతన్నావని తాగలేదు."

"మరి కిలోలు గాల్లోంచి వచ్చేయా? నువ్వే గదా సెప్పేవు, కొలతకి బంధుత్వం లేదని!"

సత్యారావు మంచం మీద వాలిపోయాడు. తన మాట తననే కొడితే మనిషి ఏమంటాడు? ఇన్నేళ్ళ కాపురంలో అతను ఆమె మీద ఒట్టేసి అబద్ధం చెప్పింది లేదు. ఆ సంగతి రేవతికి బాగా తెలుసు. తెలిసి కూడా మొగుణ్ణి నమ్మలేదు, త్రాసుని నమ్మింది.

ఆ రోజునుంచి ఇల్లు జైలైంది. వరండాలో నీళ్ళ కుండ వంటింట్లోకి పోయి తాళంలో పడింది. పెరటి కుళాయి తల విప్పి కొంగున ముడేసుకుంది. ఎలాగూ దొంగతనంగా తాగుతున్నాడు గనక ఇచ్చేదాంట్లో తగ్గిస్తే సరిపోతుందని, సీసా మీద ఎర్ర గీతకి కింద అర లీటరు దగ్గర ఇంకో గీత పెట్టింది. నీళ్ళు తగ్గించాక మనిషి నీరసపడి పోతాడని మళ్ళీ తనకే దిగులు పుట్టింది. అందుకని సాయంత్రం పూట కూడా అంబలి కాచడం మొదలుపెట్టింది. పొద్దున్నో చెంబు, సాయంత్రం ఓ చెంబు. సత్యారావు రెండూ వదలకుండా తాగేవాడు.

తర్వాతి వారం త్రాసు మూడున్నర కిలోలు చూపించింది.

నీళ్ళు తగ్గిస్తే బరువు పెరిగింది! ఇంతకంటే సాక్ష్యం ఏ కోర్టు అడుగుతుంది? ఎవరో తాగిస్తున్నారు, అదీ పగబట్టినట్టు తాగిస్తున్నారు. ఎవరన్నది ఆలోచించడానికి రేవతికి ఎంతోసేపు పట్టలేదు. ఆ ఇంటికి వచ్చిపోయే మనిషి ఒక్కరే.

అచ్చియ్యమ్మ సత్యారావు అక్క. చీడికాడ దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటుంది. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. అతనికి జబ్బు చేసినప్పటినుంచి ఎప్పుడు వీలైతే అప్పుడు బస్సెక్కి వచ్చేస్తుంది. ఖాళీ చేతుల్తో రాదు. తన చేలో పండిన చోళ్ళు తనే ఏరి, పిండి పట్టించి తెస్తుంది. వచ్చి తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చుని, "గుక్కెడు నీళ్ళియ్యవే, సూడు, నాలిక పిడచకట్టుకు పోతన్నాది" అని రేవతిని బతిమాలుతుంది. రేవతి ఇవ్వదు. ఆవిడ కళ్ళొత్తుకుంటుంది. ప్రతిసారీ జరిగేదే.

ఆ రోజు రేవతి మందుల షాపుకి వెళ్ళి వచ్చేసరికి అచ్చియ్యమ్మ మంచం మీద కూర్చుని ఉంది. పక్కన స్టీలు గ్లాసు. కొంగు కొస అందులో ముంచి, తమ్ముడి పెదాలకి అద్దుతోంది.

"ఏటి సేస్తన్నావు వదినా?"

అచ్చియ్యమ్మ ఉలిక్కిపడింది. "పెదాలు పగిలి నెత్తురొస్తన్నాదే. తడి రాస్తన్నాను. గొంతులోకి పొయ్యలేదు."

"నువ్వేనన్నమాట."

"ఏటి నేను?"

"నేను గుమ్మం దాటినప్పుడల్లా ఇదే పనా? లీటర్లకి లీటర్లు పట్టించి, తడి రాస్తన్నానంటావా? ఎవరో ఎవరో అనుకున్నాను. నీ తమ్ముణ్ణి నువ్వే సంపేస్తన్నావు వదినా!"

"ఒసే రేవతీ! నోరు జాగర్త. నా తమ్ముడి మీద ఒట్టు, సుక్క పొయ్యలేదు."

"అక్క పొయ్యలేదే" అన్నాడు సత్యారావు మంచం మీంచి, ఆయాసపడుతూ. "నా మాటిను."

"నువ్వు మాట్లాడకు. దొంగకి దొంగ సాక్ష్యం. మీ ఒట్లు త్రాసుకి తెలీవు. కొలతకి బంధుత్వం లేదు!"

గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చింది రేవతి. గొంతు వీధిలోకి పోయింది. పక్కింటి రోజా గోడ మీంచి తొంగి చూసింది, వెనకాల ఇంకో ఇద్దరు. అచ్చియ్యమ్మ గ్లాసు కింద పెట్టి లేచింది. అరవలేదు, ఏడవలేదు.

"నా తమ్ముడికి గుక్కెడు నీళ్ళు లేని ఇంట్లో నాకూ వద్దు. నీ సేతి నీళ్ళు ఈ జన్మలో తాగను. అందరూ ఇనండి" అంది. గుమ్మం దాకా వెళ్ళి, సంచిలోంచి చోడిపిండి పొట్లం తీసి గడప మీద పెట్టింది. "ఇది మాత్రం వాడికి కాసి పొయ్యి" అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత సత్యారావు నీళ్ళు అడగడం మానేశాడు. సీసా దగ్గరికి కళ్ళు కూడా తిప్పేవాడు కాదు. ఇస్తే తాగేవాడు, ఇవ్వకపోతే లేదు. అక్క ఊసెత్తలేదు. రేవతితో మాట్లాడితే అంబలి దగ్గరే, ఆ ఒక్క మాటే. "ఇంకాస్త పొయ్యి." పట్టుబడిన దొంగ తలొంచుకున్నాడని రేవతి అనుకుంది. అనుకున్నాక కూడా గుండెలో ముల్లు పోలేదు. ముల్లు గుచ్చుకున్నప్పుడల్లా చెంబులో ఇంకో గరిటె పోసేది.

శుక్రవారం డయాలసిస్ అయితే మళ్ళీ సోమవారమే. మధ్యలో రోజులెక్కువ. ఆ ఆదివారం పొద్దున్న సత్యారావు కూర్చోలేక, పడుకోలేక, గోడకి ఆనుకుని గస పెట్టాడు. లోపలికి తీసుకునే ప్రతి ఊపిరికీ గొంతులో గురగుర. మొహం ఉబ్బి కళ్ళు చీలికలైపోయాయి. రేవతి అంబులెన్సుకి ఫోను చేసింది. అది వచ్చేలోపల, నీరసం వల్లే ఆయాసమేమోనని, రెండు చెంబుల అంబలి నెమ్మదిగా పట్టించింది కూడా.

సెంటరుకి చేరేసరికి సెలవైనా హరిబాబు వచ్చి సిద్ధంగా ఉన్నాడు. సత్యారావుని లోపలికి తీసుకుపోతూ, కాళ్ళ వాపు చూసి, కోపం ఆపుకోలేకపోయాడు.

"ఎన్ని లీటర్లు పట్టించేరమ్మా?"

"అర లీటరు బాబూ. రోజుకి అర లీటరు దాటి ఇస్తే ఒట్టు. ఇంట్లో కుండకి కూడా తాళమేసేను. ఇంకెవరూ రావట్లేదు కూడా."

"పొద్దున్నించి ఏటి తిన్నాడు?"

"ఏటీ తినలేదు. నీరసంగా ఉన్నాదని రెండు సెంబులు అంబలి పట్టించేను. అంతే."

హరిబాబు చెయ్యి తలుపు మీద ఆగిపోయింది.

"అంబలా? రోజూనా?"

"రోజూ. పొద్దున్న, సాయంత్రం."

"సెంబు ఎంత పడతాదమ్మా?"

"అర లీటరు" అంది రేవతి. ఆ జవాబుకి ఆమెకు ఆలోచించాల్సిన పని లేదు. ఇంట్లో ఏ గిన్నె ఎంత పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. చెప్పాక ఆ మాట తనకే వినిపించింది.

"అంబలంటే నీళ్ళే గదమ్మా" అన్నాడు హరిబాబు. ఈసారి గొంతులో కోపం లేదు. "గుప్పెడు పిండి, మిగతాదంతా నీళ్ళే. నాది రోలుగుంట. మా ఇంట్లో కూడా పొద్దున్నే అంబలే. ఇన్నాళ్ళూ అడగాలని నాకూ తోచలేదు సూడండి." తలుపు మూసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

రేవతి బల్ల మీద కూలబడింది. లెక్క దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. పొద్దున్నో చెంబు ఉన్నప్పుడు రోజుకి అర లీటరు, రెండు రోజులకి లీటరు. హరిబాబు ఎక్కడిదని అడిగిన లీటరు అదే. సాయంత్రం చెంబు కలిశాక రెండు రోజులకి రెండు లీటర్లు. సీసా నీళ్ళు లీటరు, తిండిలో అర. మొత్తం మూడున్నర. త్రాసు చూపించింది మూడున్నర. గ్రాము తేడా లేకుండా సరిపోయింది. సత్యారావు ఒక్క మిల్లీ దొంగిలించలేదు. అచ్చియ్యమ్మ కొంగు తడి తప్ప ఏమీ ఇవ్వలేదు. ఆ లీటర్లన్నీ తన చేత్తో, కాచి, చల్లార్చి, బతిమాలి పోసినవే.

దానికంటే చేదు మాట ఇంకొకటి వెనకాలే వచ్చింది. అంబలి మానేసి ఉంటే ముప్పావు లీటరూ మంచినీళ్ళే ఇచ్చి ఉండొచ్చు. ఒక్క గీతా తగ్గించక్కర్లేదు. నాలిక పిడచకట్టుకు పోతోందని అతను వేడుకున్న ప్రతిసారీ ఒక గుక్క పోసి ఉండొచ్చు. నీళ్ళ కోసం ఏడ్చినవాడికి నీళ్ళు లేవని, ఆ పక్కనే చెంబుతో నీళ్ళే పోసింది. అతను పడ్డ దాహమంతా ఒట్టినే పడ్డాడు. ఎవరికీ అక్కరకు రాని దాహం.

లేచి వెళ్ళి తలుపు కొట్టింది. లోపలికి ఒక్క నిమిషం రానిమ్మని అడగాలి. ఒక్క మాట చెప్పాలి. "మావా, నువ్వు తాగలేదు. నాకు తెలిసిపోయింది" అని. అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఎవరూ తలుపు తియ్యలేదు. మళ్ళీ కొట్టింది. చాలాసేపటికి హరిబాబు బయటికి వచ్చి, చేతి తొడుగులు విప్పుకుంటూ, ఆమె మొహం చూడకుండా నిలబడ్డాడు.

అచ్చియ్యమ్మ వచ్చింది. తమ్ముడి మీద పడి ఏడ్చింది, పాడె లేస్తుంటే వీధి చివర దాకా పరిగెత్తింది, తిరిగొచ్చి ఆ ఇంట్లోనే ఓ మూల కూర్చుంది. పాలివాళ్ళు, అంటే దాయాదులు, వంతులేసుకుని తెచ్చిన అన్నం తిన్నది. నీళ్ళు మాత్రం పక్కింటి రోజా దగ్గరనుంచి తెప్పించుకుని తాగింది. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ చెంబు గోడ దాటి రావడం చూశారు, ఎందుకని అడిగారు, తెలుసుకుని రేవతి వైపు తిరిగారు. "గొంతెండి పోయేడంట పాపం" అన్న మాట వరండాలోనే వినిపించింది. రేవతి ఏడవడానికి కూడా వీల్లేకుండా పోయింది. ఏడిస్తే నటన అంటారు.

ఓ మధ్యాహ్నం, మనుషులు పలచబడ్డాక, అచ్చియ్యమ్మ ముందు వెళ్ళి కూర్చుంది.

"వదినా, నిన్ను నానా మాటలూ అన్నాను. నువ్వు తాగించలేదు. మావ కూడా తాగలేదు. తప్పు నాది. అంబలి వల్ల వచ్చింది. రోజుకి రెండు సెంబులు పోసేను. సెంబు అర లీటరు. రోజుకి లీటరు నీళ్ళు నేనే..."

అచ్చియ్యమ్మ ఆమెని పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"ఏటీ? అంబలా? అంబలి తాగి సచ్చినోడు ఈ సుట్టుపక్కల ఎవడైనా ఉన్నాడేటే? తల్లి లేని గుంటడిని నేను దేంతో పెంచేననుకున్నావు? నీళ్ళియ్యకండా గొంతెండగట్టి, ఇప్పుడు అంబలి మీదకి తోసేస్తన్నావా?"

"అందులో గుప్పెడే పిండి వదినా. మిగతాదంతా..."

"నీ మిల్లీలూ లీటర్లూ నీకాడే ఉంచుకో. ఒసే, నా తమ్ముడికి నువ్వు సేసిన మంచి ఏదైనా ఉంటే ఆ అంబలొక్కటే. వాడు నోరారా అడిగి తాగింది అదొక్కటే. దాన్ని ఒక్క మాటన్నావంటే ఊరుకోను." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పెద్దకర్మ నాడు వాడికి అదే కాసి పెట్టు."

రేవతి లేచి వచ్చేసింది. నిజం చెప్పి తిట్లు తినడం వేరు, నిజం చెబితే దానికి మెచ్చుకోలు రావడం వేరు. రెండోదానికి మందు లేదు.

పెద్దకర్మ రోజు నది ఒడ్డున బంధువులంతా ఒకరి తర్వాత ఒకరు సత్యారావు పేరు చెప్పి దోసిళ్ళతో నీళ్ళు వదిలారు. అచ్చియ్యమ్మ అందరిలా దోసిలితో సరిపెట్టుకోలేదు. చెంబు నిండా ముంచి తెచ్చి, ధారగా వంచి, "తాగరా తమ్ముడూ, కడుపు నిండా తాగు. ఇంక కొలిసేవోళ్ళు లేరు" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రేవతి వెనక వరసలో నిలబడి ఆ ధారనే చూసింది. ఆ చెంబు ఎంత పడుతుందో కన్ను తనంతట తనే చూసుకుంది. ఆ కన్నుని పీకి పారేద్దామనిపించింది.

ఇంటికి వచ్చేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. తెల్లారి లేచి రేవతి కాచిన అంబలి గిన్నెలో చల్లారి ఉంది. గడప మీద అచ్చియ్యమ్మ పెట్టి వెళ్ళిన పిండే అది. సత్యారావు ఫొటో ముందు చెంబులో పోసి పెట్టారు, దండాలు పెట్టారు. జనం నీడల్లో సర్దుకున్నారు. అచ్చియ్యమ్మ నడిచి వచ్చిన ఆయాసానికి గుమ్మం దగ్గరే చతికిలబడి, చెమట తుడుచుకుంటోంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. రేవతి లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆవిడ ముందు నిలబడింది.

అచ్చియ్యమ్మ ఆ గ్లాసు వంక చూసి మొహం పక్కకి తిప్పుకుంది. అందరూ చూశారు. తర్వాత ఆవిడ చూపు ఫొటో ముందున్న చెంబు మీద పడింది.

"నీళ్ళు తాగనని ఒట్టేసుకున్నాను గానీ, అంబలి వద్దన్నానేటి? తిండి మీద నాకు పగ లేదు. అది ఇలాగియ్యి."

రేవతి గ్లాసు కింద పెట్టి చెంబు తెచ్చి ఇచ్చింది. అచ్చియ్యమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని, తల వెనక్కి వంచి, ఆగకుండా తాగింది. గొంతు కదులుతుంటే రేవతి చూస్తూ నిలబడింది. అర లీటరు. అచ్చియ్యమ్మ అడుగున వేలు పెట్టి నాకి, తమ్ముడు చేసినట్టే, చెంబు ముందుకి చాపింది.

"ఇంకాస్త పొయ్యి."

రేవతి గిన్నె తెచ్చి చెంబు అంచు దాకా పోసింది.

"వాడూ ఇలాగే అడిగేవోడు గదే? ఇంకాస్త పొయ్యమని?" అంది అచ్చియ్యమ్మ. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆవిడ గొంతులో రేవతి మీద కాస్త మెత్తదనం వినిపించింది.

"అవును వదినా" అంది రేవతి. "అడిగినప్పుడల్లా పోసేను."